టెర్మినల్ నేర్చుకోండి, ప్యానెల్‌ను మాత్రం ఇప్పుడే తీసేయకండి

ప్రశ్న: మాది కోస్తా ఆంధ్రలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల. పదేళ్లకు పైగా ఇక్కడే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. విద్యార్థుల, అధ్యాపకుల ఖాతాలుండే విండోస్ సర్వర్ ఒకటి, వెబ్‌సైటుకూ పరీక్షల విభాగానికీ డిజిటల్ గ్రంథాలయానికీ ఒక్కొక్కటి చొప్పున ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) సర్వర్లు మూడు నా బాధ్యత. ఇన్నాళ్లూ తెర మీద కనిపించే మెనూలతోనూ, బ్రౌజర్‌లో తెరుచుకునే ప్యానెల్‌తోనూ అన్నీ నడిపాను. ఈ మధ్య చేరిన కుర్రాడు కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తప్ప మరొకటి ముట్టడు. "అన్నా, ఈ ప్యానెల్ తీసేద్దాం, సర్వర్ పని అంటే కమాండ్లే" అంటాడు. అతను సెలవులో ఉన్న రోజున పరీక్షల సర్వర్‌లో డిస్క్ నిండిపోయి, నాకు ప్యానెల్‌లోకి లాగిన్ కావడమే కుదరలేదు. అతనికి ఫోన్ చేసి, చెప్పిన అక్షరాలు ఒక్కొక్కటే టైపు చేసి గట్టెక్కాను. నలభై దాటిన ఈ వయసులో కమాండ్ లైన్ మొదలుపెట్టడం నిజంగా అవసరమా? గ్రాఫికల్ పద్ధతి అంత పనికిరానిదా?

సమాధానం: అవసరమే. అయితే మీ సహోద్యోగి చెబుతున్న కారణం వల్ల కాదు. మౌస్ వాడడం తక్కువ పని, టైపు చేయడం గొప్ప పని అనే వాదన ఈ వృత్తిలో చాలాకాలంగా ఉంది. దాన్ని పట్టించుకోకుండా మీ ఉత్తరంలోని అసలు సంఘటన దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే మీకు కావలసిన జవాబులో సగం అందులోనే ఉంది.

డిస్క్ నిండినప్పుడు ప్యానెల్ ఎందుకు తెరుచుకోలేదు? బ్రౌజర్‌లో నడిచే ఏ ప్యానెల్ అయినా దానంతట అది ఒక వెబ్ అప్లికేషన్. మీరు లాగిన్ అయిన ప్రతిసారీ అది సాధారణంగా ఒక సెషన్ ఫైలు రాసుకోవాలి, లాగ్‌లో ఒక వరుస చేర్చాలి, చాలా ప్యానెళ్లయితే తమ డేటాబేసులో కూడా ఏదో ఒకటి నమోదు చేయాలి. రాయడానికి చోటు లేనప్పుడు వీటిలో ఏ ఒక్కటి ఆగినా లాగిన్ మొత్తం ఆగిపోతుంది. దూరంనుంచి సర్వర్‌లో టెర్మినల్ తెరిచే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లడానికి ఇన్ని మెట్లు లేవు. పైగా ఉబుంటు మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్, డిస్క్‌ను తయారుచేసేటప్పుడే 5 శాతం చోటును రూట్ అనే సర్వాధికార ఖాతా కోసం పక్కన పెడుతుంది. మిగతా ప్రోగ్రాములకు డిస్క్ నిండిపోయినట్టు కనిపించే సమయంలో కూడా నిర్వాహకుడు లోపలికి వచ్చి శుభ్రం చేసుకోగలగడానికి పెట్టిన ఏర్పాటు అది. అంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడు ప్యానెల్ బాగానే పనిచేస్తుంది గానీ, జబ్బుపడినప్పుడు యంత్రంతో పాటు ప్యానెల్ కూడా పడిపోతుంది. మీకు అత్యవసరమైన గంటలో చేతిలో మిగిలేది టెర్మినల్ ఒక్కటే కావచ్చు. నేర్చుకోవడానికి మొదటి కారణం ఇదే, ఇది ఒక్కటే ఉన్నా సరిపోతుంది.

ఆ రోజు మీ సహోద్యోగి ఫోన్‌లో చెప్పినవి ఏమిటో నేను ఊహించగలను. ముందు డీఎఫ్ అనే కమాండ్‌తో ఏ విభాగం నిండిందో చూసి ఉంటారు, ఆ తర్వాత డీయూ అనే కమాండ్‌తో ఏ డైరెక్టరీ ఎంత చోటు తింటున్నదో లెక్క తీసి, ఆ లెక్కను సార్ట్ అనే మరో కమాండ్‌కు అందించి పెద్దవాటిని కిందకు తెచ్చుకుని ఉంటారు. ఈ మూడింటినీ అర్థంతో సహా మీరు ఒక పూటలో నేర్చుకోగలరు. వాటితో పాటు మరో రెండు సంగతులు కూడా గుర్తు పెట్టుకోవాలి. మొదటిది, నడుస్తున్న ప్రోగ్రాము తెరిచి ఉంచుకున్న పెద్ద లాగ్ ఫైలును చెరిపేస్తే పేరు మాత్రమే పోతుంది, ఆ ప్రోగ్రాము ఫైలును వదిలేదాకా చోటు తిరిగి రాదు. అందుకే కొన్నిసార్లు డీఎఫ్ నిండిందని చెబుతుంటే డీయూ మాత్రం అంత సరుకు కనిపించడం లేదంటుంది. అప్పుడు ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో ఆ ఫైలును ఎవరు పట్టుకున్నారో చూసి, ఆ సర్వీసును తిరిగి మొదలుపెట్టాలి. రెండోది, డిస్క్‌లో చోటున్నా ఐనోడ్‌లు (ఒక్కో ఫైలు వివరాలు దాచే నమోదులు) అయిపోతే కొత్త ఫైలు పుట్టదు. లక్షల కొద్దీ చిన్న చిన్న సెషన్ ఫైళ్లు పేరుకున్న సర్వర్లలో ఇది తరచూ జరుగుతుంది. డీఎఫ్‌కు ఐ అనే చిన్న ఆప్షన్ తగిలిస్తే ఆ లెక్క కనిపిస్తుంది. చాలా ప్యానెళ్లు డిస్క్‌ను ఒక వృత్తంలో రంగు నింపి చూపిస్తాయే గానీ ఈ రెండు సంగతులూ చెప్పవు.

ఇక రెండో కారణం. నా దృష్టిలో ఇది మొదటిదానికంటే పెద్దది. మీ కళాశాలలో ఏటా ప్రవేశాల కాలంలో కొన్ని వందల కొత్త ఖాతాలు తెరవాలి. మెనూల ద్వారా చేస్తే ఒక్కో ఖాతాకు పేరు, లాగిన్, విభాగం, గ్రూపు, మొదటి పాస్‌వర్డు అంటూ అదే వరుసలో అన్ని పెట్టెలూ నింపాలి. శ్రమ సంగతి అలా ఉంచండి. ఆ పని పూర్తయ్యాక మీరు చేసినదానికి సాక్ష్యం ఏముంది? నూట ముప్ఫయ్యో విద్యార్థిని పొరపాటున వేరే గ్రూపులో పడేస్తే, ఆ సంగతి అతనికి ల్యాబ్‌లో లాగిన్ కుదరని రోజున గానీ బయటపడదు. అదే పనిని కార్యాలయం ఇచ్చిన జాబితానుంచి ఒక స్క్రిప్టు (కమాండ్లు వరుసగా రాసిన ఫైలు) చేస్తే, జాబితా ఒక ఫైలు, చేసిన విధానం మరో ఫైలు, ఫలితం ఇంకో ఫైలు. పని మొదలుకాకముందే మీ సహోద్యోగి దాన్ని చదివి తప్పు పట్టగలడు. వచ్చే ఏడాది ఎవరు ఆ కుర్చీలో ఉన్నా అదే ఫైలు తీసుకుని అదే పని చేయగలరు. అక్షరాల్లో ఉన్న పనిని దాచుకోవచ్చు, మరొకరికి పంపవచ్చు, పోల్చి చూడవచ్చు, మళ్లీ నడపవచ్చు. క్లిక్ చేసిన పనిని మాత్రం గుర్తు పెట్టుకోవలసిందే, లేదంటే తెరల బొమ్మలు అతికించిన పత్రం ఒకటి తయారుచేసుకుని, సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని తిరిగి తయారుచేయాలి.

ఈ సంగతిని విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్టే ఒప్పుకున్నది. 2002లో ఆ సంస్థ ఇంజనీరు జెఫ్రీ స్నోవర్ మొనాడ్ పేరుతో ఒక ప్రణాళిక పత్రం రాశారు. మెనూలతో ఒక్కో యంత్రాన్ని నడిపే పద్ధతి వందల సర్వర్లకు చాలదని, నిర్వాహకులకు పని కూర్చుకోగలిగిన కమాండ్ లైన్ కావాలని దాని సారాంశం. అదే 2006లో పవర్‌షెల్‌గా బయటకు వచ్చింది. లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్‌లో కమాండ్లు ఎందుకు అంత సహజంగా ఇమిడిపోయాయో, విండోస్‌లో ఎందుకు ఇమడలేదో స్నోవర్ చెప్పిన కారణం తెలుసుకోదగ్గది. యూనిక్స్‌లో సెట్టింగులన్నీ దాదాపుగా టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటాయి కాబట్టి, టెక్స్ట్‌ను వెతికి, కోసి, మార్చే చిన్న చిన్న పనిముట్లు ఉంటే చాలు. విండోస్‌లో అవి రిజిస్ట్రీ అనే సెట్టింగుల డేటాబేసులోనూ, ప్రోగ్రాములు పిలిచే రకరకాల ఏపీఐల వెనుకా ఉంటాయి కాబట్టి ఆ పనిముట్లకు అక్కడ పట్టు దొరకదు. అందుకే పవర్‌షెల్‌లో ఒక కమాండ్‌నుంచి మరో కమాండ్‌కు వట్టి అక్షరాలు కాకుండా, పేరూ గుణాలూ ఉన్న వస్తువులు ప్రవహిస్తాయి. 2007 నాటి ఎక్స్‌ఛేంజ్ అనే ఈమెయిల్ సర్వర్‌కు ఇచ్చిన గ్రాఫికల్ కన్సోల్‌ను పవర్‌షెల్ మీదనే కట్టారు. మీరు మౌస్‌తో ఒక పని చేస్తే అది లోపల ఏ కమాండ్‌గా మారిందో ఆ కన్సోల్ చూపించేది. 2012 విండోస్ సర్వర్‌లోని, ఖాతాలను నిర్వహించే యాక్టివ్ డైరెక్టరీ అడ్మినిస్ట్రేటివ్ సెంటర్‌లోనూ పవర్‌షెల్ హిస్టరీ అనే చిన్న కిటికీ అడుగున ఉంటుంది. మీరు చేసిన ప్రతి క్లిక్కుకూ సమానమైన కమాండ్ అందులో కనిపిస్తుంది.

ఆ కిటికీయే మీకు మొదటి పాఠశాల కావాలని నా సలహా. మీకు ఇప్పటికే తెలిసిన పనిని తెలిసిన పద్ధతిలోనే చేయండి, ఆ తర్వాత కింద కనిపించే వరుసను ఒక ఫైలులోకి ఎత్తి రాసుకోండి. మరుసటిసారి అదే పనికి ఆ వరుసను ముందు వాట్‌ఇఫ్ అనే ఆప్షన్ తగిలించి నడపండి. అప్పుడు అది ఏమీ మార్చకుండా, నిజంగా నడిపితే ఏమవుతుందో మాత్రమే చెబుతుంది. పదేళ్ల అనుభవం ఉన్న మీకు ఏ పని తర్వాత ఏ పని చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుసు. ఖాతా అంటే ఏమిటో, గ్రూపు విధానం ఎలా వర్తిస్తుందో, డీఎన్‌ఎస్ చెడితే ఏమేం చెడతాయో అన్నీ తెలిసిన మనిషి పేర్లు మాత్రమే కొత్తగా నేర్చుకోవాలి. హైదరాబాద్ అమీర్‌పేటలో లినక్స్ కోర్సుకు చేరే ఇరవై ఏళ్ల కుర్రవాడు ఆ పేర్లనూ, వాటి వెనుక ఉన్న విషయాన్నీ ఒకేసారి నేర్చుకోవలసి వస్తుంది. వయసు గురించి మీ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. అయితే ఈ విషయంలో పోలిక మీకే అనుకూలంగా ఉంది.

గ్రాఫికల్ పద్ధతి పనికిరానిదా అన్న ప్రశ్నకు వస్తే, ఎంతమాత్రం కాదు. కమాండ్ లైన్ మీకు తెలిసినదాన్నే చేస్తుంది, తెలియనిది అక్కడ ఉందని కూడా చెప్పదు. మెనూ మాత్రం ఏమేం సాధ్యమో కళ్లముందు పరుస్తుంది. ఏడాదికి ఒకసారి చేసే పనికి, మొదటిసారి చూస్తున్న సాఫ్ట్‌వేరుకు అదే మేలు. ఆకారాన్ని బట్టి అర్థం చేసుకోవలసిన సమాచారానికైతే తెరకు సాటి లేదు. గత వారం రోజుల్లో ప్రాసెసర్ వాడకం ఎలా పెరిగింది, రాత్రి ఏ గంటకు నెట్‌వర్క్ ఒక్కసారిగా నిండింది అన్నవి అంకెల వరుసలో వెతికితే కళ్లు కాయలు కాస్తాయి. గ్రఫానా అనే గ్రాఫుల పనిముట్టులో గీత చూస్తే క్షణంలో తెలుస్తుంది. నెట్‌వర్క్ రాకపోకలను చూపే వైర్‌షార్క్‌లో ఒక టీసీపీ సంభాషణ ప్యాకెట్లను రంగులతో విప్పి చూసిన తర్వాత, అదే సమాచారాన్ని టెర్మినల్‌లో చదివి తీరాలని ఎవరైనా పట్టుబడితే వారి పట్టుదలకు కారణం నాకు అర్థం కాదు. డిస్క్ విభాగాల పరిమాణం మార్చేటప్పుడు కూడా, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బొమ్మగా కనిపించడం పెద్ద రక్షణ.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. టెర్మినల్ తెరను సమాన వెడల్పు గల గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరాన్ని ఉంచుతుంది. ఇంగ్లిషు అక్షరాలకు ఇది చక్కగా సరిపోతుంది. ఒత్తులు, గుణింతాలు కలిసి ఒకే అక్షరంగా మారే మన లిపికి సరిపోదు. అందుచేత చాలా టెర్మినళ్లలో తెలుగు ఫైలు పేర్లు విరిగిపోయినట్టు, ఒత్తులు పక్కకు జరిగినట్టు కనిపిస్తాయి, కర్సర్ ఎక్కడ ఉందో కూడా సరిగా తెలియదు. ఫైలు చెడిపోలేదు, కనిపించడమే చెడింది. అయినా అలాంటి పేరు చూసి చెరిపే కమాండ్ టైపు చేయడం ప్రమాదం. మీ డిజిటల్ గ్రంథాలయంలో తెలుగు పేర్లతో ఫైళ్లు ఉండే ఉంటాయి, వాటిని పేరు చూసి తరలించే పనికి గ్రాఫికల్ ఫైల్ మేనేజరే వాడండి. విద్యార్థుల పేర్లు తెలుగులో ఉన్న జాబితాను ఎక్సెల్‌నుంచి భద్రపరిచేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా యూటీఎఫ్-8 అని రాసి ఉన్న రకాన్నే ఎంచుకోండి. లేకపోతే పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారి, స్క్రిప్టు వాటినే నమ్మకంగా ఖాతాల్లోకి ఎక్కిస్తుంది.

కమాండ్ లైన్ ప్రమాదకరం, మెనూ సురక్షితం అనే అభిప్రాయం కూడా మీ ఉత్తరంలో నాకు లీలగా కనిపించింది. అందులో కొంత నిజం ఉంది. 2017 జనవరి 31 రాత్రి ప్రోగ్రాముల కోడ్ భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రెండో డేటాబేసు సర్వర్‌లోని డైరెక్టరీని ఖాళీ చేయబోయి, అదే కమాండ్‌ను ప్రధాన సర్వర్‌లో ఇచ్చారు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపినా, సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లే మిగిలాయి. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి ఉండడంతో దాన్నుంచి పునరుద్ధరించారు, ఆ ఆరు గంటల్లో డేటాబేసులో చేరిన సమాచారం మాత్రం పోయింది. రోజువారీ బ్యాకప్ వెర్షన్ల తేడా వల్ల చాలాకాలంగా విఫలమవుతున్నదని, ఆ హెచ్చరికల ఈమెయిళ్లు కూడా చేరడం లేదని అప్పుడే తెలిసింది. ఈ వివరాలన్నీ ఆ సంస్థే దాచకుండా ప్రకటించింది. అందుకు వారిని మెచ్చుకోవాలి. రెండు సర్వర్ల ప్రాంప్టులు (కమాండ్ టైపు చేసే చోటికి ముందు కనిపించే అక్షరాలు) ఒకేలా కనిపించడం ఆ పొరపాటుకు దారి ఇచ్చిందని గుర్తించి, అసలు సర్వర్లకు ఎరుపు, ప్రయోగ సర్వర్లకు పసుపు రంగు ప్రాంప్టులు పెట్టాలని నిర్ణయించుకున్నారు. మీ ఇద్దరూ ఈ వారమే మీ పరీక్షల సర్వర్ ప్రాంప్టును ఎర్రగా మార్చండి. కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక్క వరుస మారిస్తే చాలు.

మెనూ అంతకంటే సురక్షితమని అనుకోవడానికి మాత్రం ఆధారం లేదు. 2020 ఆగస్టులో సిటీబ్యాంకు, రెవ్లాన్ కంపెనీ రుణదాతలకు సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపబోయి దాదాపు 90 కోట్ల డాలర్లు పంపింది. అప్పు అసలు సొమ్ము బయటకు పోకుండా ఆపాలంటే తెర మీద మూడు పెట్టెలు నింపాలి. నింపినవారు ఒక్కదాన్నే నింపారు, ఆమోదించినవారితో కలిపి ముగ్గురు ఆ తెర చూసి సరేనన్నారు. ఇది సర్వర్ నిర్వహణకు చెందిన సంఘటన కాదు. అయినా ఒక తెర మనిషిని ఎలా నమ్మిస్తుందో దీనికంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. పెట్టెలు, బొత్తాలు ఉన్నంత మాత్రాన పర్యవసానం కనిపించదు. అది కనిపించాలంటే పని జరగకముందు ఏం జరగబోతుందో చెప్పే ఏర్పాటు ఉండాలి. అలాంటి ఏర్పాట్లు ఈనాడు కమాండ్ లైన్‌లోనే ఎక్కువ.

వాటిలో కొన్నింటిని మీరు మొదటి రోజునుంచే అలవాటు చేసుకోవాలి. ఫైళ్లు ఒకచోటినుంచి మరొకచోటికి ఆర్‌సింక్‌తో పంపేటప్పుడు ముందు డ్రై రన్ ఆప్షన్‌తో నడిపి, ఏవి మారతాయో, ఏవి చెరుగుతాయో జాబితా చూడండి. ఎవరికి నిర్వాహక అధికారం ఉందో రాసి ఉండే సుడోయర్స్ ఫైలును మామూలు ఎడిటర్‌తో ఎప్పుడూ తెరవకండి, విసుడోతోనే తెరవండి. అందులో వ్యాకరణ దోషం ఉంటే భద్రపరిచేముందే హెచ్చరిస్తుంది. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌కూ, ఎస్‌ఎస్‌హెచ్ సేవను నడిపే ఎస్‌ఎస్‌హెచ్‌డీకీ కూడా కాన్ఫిగరేషన్‌ను పరీక్షించి మాత్రమే చూసే టీ ఆప్షన్ ఉంది. దూరంనుంచి సర్వర్ నెట్‌వర్క్ సెట్టింగులు మార్చేటప్పుడు తప్పు పడితే మన దారిని మనమే మూసుకుంటాం. ఉబుంటులో నెట్‌ప్లాన్ ట్రై అనే కమాండ్ దీనికి మందు. కొత్త సెట్టింగును అమలు చేసి, 120 సెకన్లలోగా మీరు మీట నొక్కి ఖాయం చేయకపోతే పాతదానికి తిరిగి వెళ్లిపోతుంది. డెబియన్, ఉబుంటులలో మాలీ గార్డ్ అనే చిన్న ప్యాకేజీ దొరుకుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండి రీబూట్ కొడితే, ముందు ఆ యంత్రం పేరు టైపు చేయమంటుంది. వేరే సర్వర్ అనుకుని పరీక్షల సర్వర్‌ను ఆపేసే ప్రమాదం దానితో చాలావరకు పోతుంది.

స్క్రిప్టు రాయడం మొదలుపెట్టాక ఇంకో రకం ప్రమాదం వస్తుంది. 2015 జనవరిలో లినక్స్‌కు వచ్చే స్టీమ్ అనే ఆటల ప్రోగ్రాములో ఒక లోపం బయటపడింది. తన డైరెక్టరీని చెరపవలసిన స్క్రిప్టులో ఆ డైరెక్టరీ పేరు ఉండవలసిన చోట, కొన్ని పరిస్థితుల్లో, ఏమీ లేకుండా పోయింది. దాంతో ఆ వరుస వాడుకరికి చెందిన ఫైళ్లన్నింటినీ చెరపడం మొదలుపెట్టింది. ఆ వరుస దగ్గర రాసినవారే భయంగా ఉందన్న అర్థంలో ఒక వ్యాఖ్య కూడా పెట్టుకున్నారు. స్క్రిప్టు మొదట్లో సెట్ అనే కమాండ్‌కు యూ ఆప్షన్ ఇచ్చి ఉంటే, నిర్వచించని పేరు ఎదురైనప్పుడు అది అక్కడే ఆగిపోతుంది. పేరు నిర్వచించి ఉండి విలువ మాత్రమే ఖాళీ అయితే అది కూడా పట్టుకోదు, అందుకని చెరిపే ముందు ఆ విలువను విడిగా పరీక్షించాలి. ఇలాంటి లోపాలను చాలావరకు రాసేటప్పుడే పట్టి చూపే షెల్‌చెక్ అనే ఉచిత పనిముట్టు ఉంది, మీరు రాసే ప్రతి స్క్రిప్టునూ దాని గుండా పంపండి. ఎక్కడో కనిపించిన కమాండ్‌ను, కృత్రిమ మేధ రాసిచ్చిన కమాండ్‌ను కూడా, ఒక్కో భాగం అర్థం కాకుండా నిర్వాహక అధికారంతో నడపకండి. మ్యాన్ అనే కమాండ్ దాదాపు ప్రతి లినక్స్ సర్వర్‌లోనూ ఉండే సహాయ గ్రంథం. దాన్ని చదవడం మొదట్లో కష్టంగా ఉంటుంది, అయినా వెనక్కు తగ్గకండి.

ప్యానెల్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. అన్ని ప్యానెళ్లూ ఒకటి కావు. కొన్ని ప్యానెళ్లు, ముఖ్యంగా వెబ్ హోస్టింగ్ కోసం తయారైనవి, సెట్టింగులను తమ సొంత డేటాబేసులో దాచుకుని, అసలు కాన్ఫిగరేషన్ ఫైళ్లను దాన్నుంచి మళ్లీ మళ్లీ రాస్తుంటాయి. అలాంటి చోట మీ సహోద్యోగి టెర్మినల్‌లో ఒక ఫైలును చక్కదిద్దితే, రేపు మీరు ప్యానెల్‌లో మరేదో మార్చినప్పుడు అతని దిద్దుబాటు చెరిగిపోతుంది. మీ ఇద్దరి మధ్య ఇప్పటికే ఇలాంటి తగాదా ఏదైనా వచ్చి ఉంటే దాని మూలం ఇదే అయి ఉండవచ్చు, ఒకసారి పరిశీలించండి. రెడ్ హ్యాట్ ఆధ్వర్యంలో తయారైన కాక్‌పిట్ దీనికి భిన్నంగా ఉంటుంది. అది తన దగ్గర ఏమీ దాచుకోకుండా, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ వంటి లోపలి సేవలతోనే నేరుగా మాట్లాడుతుంది. టెర్మినల్‌లో ఆపిన సర్వీసు అందులో ఆగినట్టే కనిపిస్తుంది, అందులో మొదలుపెట్టినది టెర్మినల్‌లో నడుస్తున్నట్టే కనిపిస్తుంది. దానిలోనే ఒక టెర్మినల్ కూడా తెరుచుకుంటుంది. ఉబుంటులో అది సులభంగా దొరుకుతుంది, మీలాంటి ఇద్దరు మనుషులున్న కార్యాలయానికి సరిపోతుంది.

ఏ ప్యానెల్ అయినా దాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకూడదు. 2019 ఆగస్టులో వెబ్‌మిన్ అనే పాత, పేరున్న ప్యానెల్ డౌన్‌లోడ్ ప్రతుల్లో ఎవరో రహస్యంగా ఒక దొంగదారి చేర్చారని, అది చాలాకాలంగా అక్కడ ఉందని బయటపడింది. ఎస్‌ఎస్‌హెచ్ వైపు కూడా అంతా నిర్భయం కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ ద్వారా ఎస్‌ఎస్‌హెచ్‌లోకే దారి చేసుకునే ప్రయత్నం జరిగింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానించి తవ్విన ఆండ్రెస్ ఫ్రెయుండ్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకున్నారు. అందుకని రెండింటినీ కళాశాల అంతర్గత నెట్‌వర్క్‌కో, వీపీఎన్‌కో పరిమితం చేయండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డు లాగిన్ తీసేసి కీలతోనే (మీ కంప్యూటరులో ఉండే రహస్య ఫైళ్లతోనే) ప్రవేశం పెట్టండి. అయితే కొత్త కీతో వేరే కిటికీలో లోపలికి రాగలుగుతున్నారని చూసుకున్నాకే పాత కిటికీ మూయండి.

ఇప్పుడు మీ సహోద్యోగి గురించి. అతను టెర్మినల్‌లో పనిచేస్తున్నాడు సరే, చేసినది ఎక్కడైనా రాసి పెడుతున్నాడా? ఈ ప్రశ్న అతన్ని స్నేహంగానే అడగండి. కమాండ్ టైపు చేసి, పని అయిపోగానే కిటికీ మూసేస్తే, అది కూడా క్లిక్ లాంటిదే. ఆ జ్ఞానం అతని తలలో ఉంది, సంస్థ దగ్గర లేదు. అతను సెలవు పెట్టిన రోజున మీరు పడ్డ అవస్థకు సగం కారణం మీకు కమాండ్లు రాకపోవడమైతే, మిగతా సగం అతను ఏమీ రాసి పెట్టకపోవడం. అతను నిజంగా తన పద్ధతి మేలైనదని నమ్మితే, తన స్క్రిప్టులన్నింటినీ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టి, ఒక్కోటి ఎందుకు ఉందో పైన రెండు మూడు వాక్యాల్లో తెలుగులోనే రాయడానికి అభ్యంతరం ఉండకూడదు. ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్తే అన్సిబుల్ వంటివి ఉన్నాయి. వాటిలో సర్వర్ ఎలా ఉండాలో ఒక ఫైలులో రాస్తే, ఉన్న స్థితికీ రాసిన స్థితికీ తేడా ఉన్నచోటనే అది మార్పు చేస్తుంది. నాలుగు సర్వర్లకు అది ఇప్పుడే అవసరం లేదు, వచ్చే ఏడాది ఆలోచించవచ్చు.

ప్యానెల్ తీసేద్దామన్న మాటకు మాత్రం ఇప్పట్లో ఒప్పుకోకండి. మీకు టెర్మినల్ చేతికి అలవాటు కాకముందే అది పోతే, సంస్థలో ఒక్క మనిషికే అన్ని తాళాలూ చేరతాయి. కొన్ని నెలల పాటు ప్యానెల్‌ను చూడడానికి వాడండి, మార్పులు చేయవలసి వచ్చినప్పుడు అతను పక్కన ఉండగా టెర్మినల్‌లో మీరే చేయండి, కీబోర్డు అతని చేతికి ఇవ్వకండి. హోస్టింగ్ ప్యానెల్ గుప్పిట్లో ఉన్న వెబ్‌సైటు సర్వర్‌ను మాత్రం దీనికి మినహాయించి, అక్కడ మార్పులు దాని ద్వారానే సాగనివ్వండి. సాధన కోసం కార్యాలయంలో మూలపడ్డ ఒక కంప్యూటరులో, లోపలే మరో యంత్రాన్ని నడిపే వర్చువల్‌బాక్స్ పెట్టి, అందులో ఒక ఉబుంటు సర్వర్‌ను గ్రాఫికల్ తెర లేకుండా స్థాపించుకోండి. దాన్ని ఎంత పాడుచేసినా నష్టం లేదు. దాని డిస్క్‌ను కావాలనే నింపి, ఆ రోజు ఫోన్‌లో విని చేసిన పనిని ఈసారి ఒంటరిగా చేయండి. లాగిన్‌కు విఫలయత్నాలు చేసినవారి చిరునామాలను ఆథ్ లాగ్‌లోనుంచి గ్రెప్‌తో వెతికి, చిరునామా వరకే కోసి తీసి, సార్ట్‌తో వరుసపెట్టి, యునిక్‌తో లెక్కించి, ఎవరు ఎన్నిసార్లు తలుపు తట్టారో ఒక పట్టికగా తెచ్చుకోండి. ఈ చిన్న పనిముట్లను పైపుతో ఒకదానికొకటి తగిలించే ఏర్పాటు 1973లోనే బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌కు చేరింది. ఒక్కసారి మీ చేత్తో నాలుగింటిని కలిపి జవాబు రాబట్టారంటే దాని బలం ఎవరూ వివరించనక్కరలేదు.

మీకు సర్టిఫికెట్ అవసరమనిపిస్తే రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష గురించి ఆలోచించండి. అందులో బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉండవు. ఒక యంత్రాన్ని ఎదుట పెట్టి పనులు చేయమంటారు, చేసిన స్థితిని బట్టి మార్కులు వేస్తారు. ఉద్యోగం మారే ఉద్దేశం లేకపోయినా, దాని పాఠ్యప్రణాళిక మీరు ఏ వరుసలో నేర్చుకోవాలో చెప్పే మంచి పట్టిక. అది వేరే లినక్స్ కుటుంబానికి చెందింది కాబట్టి ప్యాకేజీలు స్థాపించే కమాండ్లు మీ ఉబుంటుకు సరిపోవు, మిగతావి చాలావరకు సరిపోతాయి.

వచ్చే ప్రవేశాల కాలానికి ముందే చేయవలసిన పని ఒకటి ఉంది. కార్యాలయంనుంచి గత ఏడాది విద్యార్థుల జాబితా అడిగి తీసుకోండి. వర్చువల్‌బాక్స్‌లోనే విండోస్ సర్వర్ ప్రయోగ ప్రతిని మరో యంత్రంగా పెట్టుకుని, పవర్‌షెల్‌లో పది ఖాతాలు తెరిచే స్క్రిప్టు మీరే రాయండి. దాన్ని మీ సహోద్యోగి చదివి తప్పులు గుర్తించాలి, మీరు దిద్దాలి, ఆ తర్వాత వాట్‌ఇఫ్‌తో నడిపి ఇద్దరూ కలిసి ఫలితం చదవాలి. అది సరిగా వచ్చాకే అసలు సర్వర్ సంగతి, అక్కడ కూడా మొదట పది ఖాతాలతో మొదలుపెట్టి, వాటిలో ఒక విద్యార్థి నిజంగా ల్యాబ్‌లో లాగిన్ కాగలుగుతున్నాడో లేదో చూసి, మిగతావాటికి వెళ్లండి.